సీడెడ్ – ఒక క్రియ, మూడు పనులు

కొత్త సినిమా రిలీజైతే మన మిత్రులు మొదట అడిగేది "సీడెడ్‌లో కలెక్షనెంత?" అనే గదా! సినిమా వ్యాపారంలో సీడెడ్ అంటే రాయలసీమ. ఆ మాటకు అర్థమేమిటని మాత్రం ఎవరమూ అడగం. నేనూ అడగలేదు. విత్తనాల కొట్టు బోర్డు మీద 'సీడ్స్' అని చదువుకున్న రైతుబిడ్డను కనుక, సీడెడ్ జిల్లాలంటే విత్తనం పడిన జిల్లాలనే అనుకున్నాను. వాన కోసం ఆకాశం చూస్తూ కూర్చునే మా ఊరికి ఆ పేరు బాగానే ఉందనిపించింది.

ఇంటర్‌లో మా ఇంగ్లీషు మాస్టారు నవ్వి సరిదిద్దారు. ఇంగ్లీషులో 'సీడ్' అని పలికే క్రియలు రెండున్నాయి. 'ఎస్'తో మొదలయ్యేది విత్తడం. 'సి'తో మొదలయ్యేది భూభాగాన్ని మరొకరికి అప్పగించడం. మనది రెండోది.

రెండూ క్రమక్రియలే. గో, వెంట్, గాన్ అని బట్టీ పట్టే బాధ లేదు. చివర 'ఇ, డి' చేరిస్తే భూతకాలమూ అదే, పాస్ట్ పార్టిసిపుల్ కూడా అదే. మాట చివర ముందే 'ఇ' ఉంటే 'డి' ఒక్కటే చాలు. పలకడంలోనే మనం తప్పుతాం. వాక్, హెల్ప్ వంటి వాటికి చివర 'ట్' వినబడాలి: వాక్ట్, హెల్ప్ట్. ప్లౌ, రెయిన్ వంటి వాటికి 'డ్': ప్లౌడ్, రెయిన్డ్. ట, డ శబ్దాలతో ముగిసే వాటికి మాత్రమే 'ఇడ్' అని ఇంకో అక్షరం పలుకుతుంది: వెయిటిడ్, సీడిడ్. దాన్నే మనం సీడెడ్ అంటున్నాం.

రూపం ఒకటే, పనులు మూడు. చూడండి:

1. ది నిజాం సీడెడ్ దీజ్ డిస్ట్రిక్ట్స్. (నిజాం ఈ జిల్లాలను ఇచ్చేశాడు.)
2. దీజ్ డిస్ట్రిక్ట్స్ వర్ సీడెడ్. (ఈ జిల్లాలు ఇవ్వబడ్డాయి.)
3. ది సీడెడ్ డిస్ట్రిక్ట్స్. (ఇవ్వబడిన జిల్లాలు.)

మొదటి వాక్యంలో కర్త ఉన్నాడు. రెండోదానికి వచ్చేసరికి తప్పుకున్నాడు. మూడోదానిలో వాక్యమే పోయి, జరిగిన పని పేరైపోయింది.

మన ప్రాక్టికల్ రికార్డులో "ద్రావణం వేడిచేయబడినది" అని రాస్తాం. ఎవరు వేడిచేసినా ఫలితం ఒకటే కనుక అక్కడ కర్త లేకపోయినా నష్టం లేదు. మనుషులున్న నేల సంగతి అలా కాదు. 1800లో కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఇచ్చిందెవరో, పుచ్చుకున్నదెవరో ఆ పేరు చెప్పదు. ఇక్కడ దున్నుకునేవాళ్ళను ఎవరైనా అడిగారా అన్నది అసలే చెప్పదు.

తెలుగులో 'దత్తమండలాలు' అన్నారు. 'దత్త' కూడా సంస్కృతంలో అటువంటి రూపమే, 'ఇవ్వబడిన' అనే అర్థం. దత్తపుత్రుడిలో ఉన్న మాటే అది. 1916లో అనంతపురంలో వెలసిన కాలేజీకి కూడా సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే పేరు పెట్టారు. చివరకు 1928లో నంద్యాల సభలో ఈ పేరు వద్దనుకుని 'రాయలసీమ' అన్నారు. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు భాషాశాస్త్రం తెలిసిన పండితులు. మాట బరువు ఆయనకు తెలియనిదా!

కాబట్టి మిత్రులారా, పరీక్షలో పార్టిసిపుల్ కనబడితే రూపం రాసి ఊరుకోకండి. "ఎవరు చేశారు?" అని ఒక్కసారి అడగండి. వ్యాకరణం మార్కులకే కాదు, మన పేరు మనం తెలుసుకోవడానికి కూడా పనికొస్తుంది.