పుట్టింటికి వచ్చే అమ్మవారు

ఊరిని కాపాడే శక్తిని తెలుగువారు 'అమ్మ' అని పిలుస్తారు. పోలేరమ్మ, ఎల్లమ్మ, గంగమ్మ, మావుళ్ళమ్మ అంటూ ఊరికొక పేరుతో కొలుస్తారు. బిడ్డలు తల్లికి మొక్కినట్లు ఆమెకు మొక్కుతారు. అయితే ఆ అమ్మకు కూడా ఒక పుట్టిల్లు ఉన్నదని, ఆమె కూడా ఒక ఇంటి ఆడపడుచేనని తలచే ఉత్సవాలు కొన్ని ఉన్నాయి. బరంపురంలో జరిగే ఠాకురాణి యాత్ర అటువంటిది.

బరంపురం ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్నది. 1936లో ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. భారత రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి 1894లో జన్మించినది ఈ పట్టణంలోనే. ఇక్కడ ఎన్నో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. వారిలో పట్టు నేసే డేరా కులస్థులు ఒకరు. మహురి సంస్థానాధీశులు పిలవగా తమ పూర్వులు రాజమహేంద్రవరం వైపు నుండి తరలివచ్చారని వారు చెప్పుకొంటారు. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించింది. చేనేత ఇండ్లలో మగ్గం మీద కూర్చునేది మగవారే అయినా, దారం తోడి కండెలు చుట్టి ఇచ్చేది స్త్రీలే. వారి చేయి ఆగితే మగ్గం ఆగుతుంది.

ఈ పట్టణపు గ్రామదేవత బుఢీ ఠాకురాణి. ఒడియా భాషలో 'బుఢీ' అంటే ముసలమ్మ. ఊరంతటికీ ఆమె పెద్ద తల్లి. కాని నేతవారికి మాత్రం ఆమె కూతురు! వారి కులపెద్దను 'దేశి బెహరా' అంటారు. రెండేళ్ళకొకసారి చైత్రమాసంలో దేశి బెహరా దంపతులు గుడికి వెళ్ళి, అత్తవారింటి నుండి అమ్మాయిని తీసుకువచ్చినట్లు, అమ్మవారిని తమ వీధికి పిలుచుకొని వస్తారు. ఆ వీధిలో కట్టిన తాత్కాలిక మందిరమే ఆమెకు పుట్టిల్లు. కొన్ని వారాలపాటు అమ్మవారు అక్కడే ఉంటుంది. రాత్రివేళ స్త్రీలు ఘటాలను తలకెత్తుకొని మేళతాళాలతో వీధులు తిరుగుతారు. మొక్కుకొన్నవారు పులివేషం, దేవతల వేషాలు వేస్తారు. ఆ రోజులలో ఒడియా ఇల్లేదో, తెలుగు ఇల్లేదో పోల్చుకోవడం కష్టం. చివరి రాత్రి, కూతురిని సాగనంపినట్లే, అమ్మవారిని తిరిగి గుడికి సాగనంపుతారు.

ఈ భావన బరంపురానికే పరిమితం కాదు. తిరుపతి గంగమ్మను వేంకటేశ్వరస్వామికి చెల్లెలంటారు. జాతర వేళ ఆమెకు పుట్టిల్లయిన అవిలాల గ్రామం నుండి పసుపు కుంకుమలతో సారె వస్తుంది. తిరుమల నుండి కూడా సారె వస్తుంది. ఇక్కడా భక్తులు వేషాలు వేస్తారు. విజయనగరం పైడితల్లి ఆ కోటలోని రాజుల ఆడపడుచు. తెలంగాణలో బతుకమ్మ పండుగకు పెళ్ళయిన ఆడపిల్లలు పుట్టింటికి చేరుతారు. అక్కడ పూలతో పేర్చిన అమ్మా, ఇంటి ఆడపిల్లా ఒకేసారి గడపలోకి వస్తారు.

చిన్న వయసులో పెళ్ళిళ్ళు జరిగిన కాలంలో, అత్తవారింట తెల్లవారకముందే లేచే కోడలికి పుట్టిల్లొక్కటే విశ్రాంతి. అక్కడ ఆమె వడ్డించే మనిషి కాదు, విస్తరి ముందు కూర్చునే మనిషి. అమ్మవారికి పుట్టిల్లు కల్పించినవారికి ఈ సంగతి బాగా తెలిసి ఉండాలి. తల్లిని పీఠం మీద కూర్చోబెట్టి మొక్కడం సులభమే. ఆమె కూడా ఒకరి కూతురని గుర్తుంచుకోవడానికి కొంత మనసు కావాలి.

అయితే సారె పెట్టడం వేరు, పుట్టింట హక్కు ఇవ్వడం వేరు. చీర, పసుపు, కుంకుమ, పిండివంటలతో ఆడపిల్లను పంపిన ఇంట్లోనే పొలం, ఇల్లు కొడుకుల పాలయ్యేవి. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్రలు 1994లో అదే బాట పట్టాయి. కాని ఆ చట్టాలు వచ్చేనాటికే పెళ్ళయిపోయినవారికి అవి వర్తించలేదు. అంటే అప్పటికి తల్లులైనవారిలో ఎక్కువమంది బయటే ఉండిపోయారు. 2005లో కేంద్ర ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు ఈ తేడా తొలగింది. బరంపురం ఆడపడుచులకు ఈ హక్కు వచ్చినది అప్పుడే.