నడకే కొలబద్ద

పశువుల సంతలో ఎద్దును బేరమాడే రైతును ఎప్పుడైనా గమనించారా? పళ్లు చూసి వయసు అంచనా వేస్తాడు. మూపురం తడుముతాడు. అంతటితో ఊరుకోడు. ఎద్దును కాస్త దూరం నడిపించి చూపమంటాడు. నిలబడి ఉన్నంతసేపూ కనిపించని కుంటు, ఆయాసం నడిపిస్తే బయటపడతాయని అతనికి తెలుసు.

వైద్యులు కూడా ఈ సూత్రాన్నే వాడుతున్నారు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం వంటివి వచ్చి కోలుకొంటున్న వారికి మందులతోపాటు వ్యాయామాలు కూడా చేయిస్తారు. శక్తిని మళ్లీ కూడగట్టుకొని తమ పనులు తాము చేసుకొనేలా తయారుచేసే ఈ చికిత్సను పునరావాస చికిత్స అంటారు. ఇది వారాల తరబడి సాగుతుంది. అప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: రోగి నిజంగా మెరుగయ్యాడా? లేక మెరుగయ్యాడని అతనూ, మనమూ అనుకొంటున్నామా?

జవాబు చెప్పడానికి ఉన్న సాధనాలలో ఒకటి చాలా చవకైనది. ఒక పొడవాటి వరండా, ఒక గడియారం, ఒక కుర్చీ ఉంటే చాలు. రోగిని నడవమనడమే పరీక్ష. ఇంత సులువైన పని నమ్మదగిన కొలత ఎలా అవుతుందో ఈ పాఠంలో చూద్దాం.

కూర్చుంటే తెలియనిది

ఊరికే కూర్చున్న పెద్దమనిషి శరీరం నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను వాడుకొంటుంది. అదే మనిషి చురుగ్గా నడిచేటప్పుడు దానికి మూడు నాలుగు రెట్లు కావాలి. ఈ అదనపు ఆక్సిజన్ కండరాలకు ఎలా చేరుతుంది? ఊపిరితిత్తులు గాలిని ఎక్కువగా లోపలికి తీసుకోవాలి. రక్తం దానిలోని ఆక్సిజన్‌ను మోయాలి. గుండె ఆ రక్తాన్ని వేగంగా తోయాలి. కాళ్ల కండరాలు దాన్ని వాడుకోవాలి. ఇవన్నీ జరుగుతుండగా మెదడు, నరాలు మనిషి తూలిపోకుండా కాయాలి.

ఇది ఒక గొలుసు వంటిది. ఏ లంకె బలహీనమైనా నడక తగ్గుతుంది. కూర్చున్నప్పుడు గొలుసు మీద బరువు పడదు కాబట్టి బలహీనమైన లంకె బయటపడదు. రెండోది, నడక అనేది రోగికి నిజంగా కావలసిన పని. బజారుకు వెళ్లాలన్నా, బస్సు ఎక్కాలన్నా, పెరట్లోకి పోవాలన్నా నడవాలి. కాబట్టి నడకను కొలవడమంటే అతని బతుకులోని ఒక ముఖ్యమైన పనిని కొలవడమే.

పన్నెండు నుంచి ఆరుకు

1968లో అమెరికా వైమానిక దళానికి చెందిన కెన్నెత్ కూపర్ అనే వైద్యుడు 12 నిమిషాల పరీక్షను ప్రచురించాడు. ఆ పన్నెండు నిమిషాలలో ఎంత దూరం పరుగెత్తగలిగితే శరీర దారుఢ్యం అంత ఎక్కువని లెక్క. ఇది ఆరోగ్యవంతులైన సైనికులకు సరిపోయింది. జబ్బుపడ్డ వారిని పరుగెత్తించలేం కదా! అందుకని 1976లో బ్రిటన్‌లో మెక్‌గావిన్, ఆయన సహచరులు పరుగు బదులు నడక పెట్టి, దీర్ఘకాలంగా శ్వాసనాళాల వాపుతో బాధపడుతున్నవారిని 12 నిమిషాలు నడిపించి చూశారు.

అయితే ఆయాసపడే మనిషికి పన్నెండు నిమిషాలు కూడా చాలా ఎక్కువే. 1982లో బ్రిటన్‌లోనే బట్లండ్ బృందం 2, 6, 12 నిమిషాల నడకలను పోల్చి చూసింది. ఒక దానిలో ఎక్కువ దూరం నడిచినవారు మిగతా వాటిలోనూ ఎక్కువే నడుస్తున్నారని తేలింది. రెండు నిమిషాలు మరీ తక్కువ, పన్నెండు అలసట. నడుమనున్న ఆరు నిమిషాలు అందరికీ నచ్చింది. 1985లో కెనడాలో గోర్డన్ గయట్, ఆయన సహచరులు దీన్ని గుండె బలహీనపడ్డ రోగులకు కూడా వాడి చూపారు. అప్పటినుంచి ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. 2002లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ పరీక్ష జరపవలసిన పద్ధతిని వివరంగా ప్రచురించింది.

వరండాలో జరిగేది

30 మీటర్ల సమతలమైన వరండాలో రెండు చివరలా గుర్తులు పెడతారు. రోగి ముందుగా పది నిమిషాలు కుర్చీలో విశ్రాంతి తీసుకొంటాడు. నాడి, రక్తపు పోటు చూస్తారు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరుతో రక్తంలోని ఆక్సిజన్ శాతం చూస్తారు. ఆయాసం ఎంత ఉందో రోగినే అడిగి, సున్నా నుంచి పది వరకు అంకె వేస్తారు. సున్నా అంటే అసలు లేదు. పది అంటే భరించలేనంత. ఈ కొలబద్దను తయారుచేసినవాడు స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్.

తరవాత రోగి ఆరు నిమిషాలలో వీలైనంత ఎక్కువ దూరం నడవాలి. పరుగెత్తకూడదు. వేగం అతని ఇష్టం. అలిసిపోతే ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు, తేరుకొని మళ్లీ నడవవచ్చు. గడియారం మాత్రం ఆగదు. ఛాతీలో నొప్పి, భరించలేని ఆయాసం, తూలు, ముఖం పాలిపోవడం వంటివి కనిపిస్తే పరీక్ష వెంటనే ఆపివేస్తారు. ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారికి ఈ పరీక్ష పెట్టరు.

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. ఒక రోగి మొదటిసారి వరండాను 9 విడతలు పూర్తిగా దాటి, పదో విడతలో 12 మీటర్లు నడిచేసరికి సమయం అయిపోయిందనుకొందాం.

దూరం = 9 × 30 + 12 = 282 మీటర్లు
సగటు వేగం = 282 ÷ 360 = సెకండుకు 0.78 మీటర్లు

ఎనిమిది వారాల చికిత్స తరవాత అతడే 11 విడతలు, 6 మీటర్లు నడిచాడు. అంటే 336 మీటర్లు. వేగం సెకండుకు 0.93 మీటర్లు. దూరం 54 మీటర్లు పెరిగింది. చికిత్స ఫలించినట్టేనా? తొందరపడకండి. ఆ 54 మీటర్లు చికిత్సవల్లే వచ్చాయా అని ముందు విచారించాలి.

దూరాన్ని మార్చే దొంగలు

మొదటి దొంగ వరండా పొడవు. 360 మీటర్లు నడవాలంటే 30 మీటర్ల వరండాలో 12 విడతలు. అంటే 11 సార్లు వెనక్కి తిరగాలి. 10 మీటర్ల వరండాలో 36 విడతలు. 35 సార్లు తిరగాలి. తేడా 24 మలుపులు. మలుపు తిరిగినప్పుడల్లా వేగం తగ్గి ఒక్క సెకండు పోతుందనుకొన్నా, 24 సెకండ్లు పోయాయి. సెకండుకు ఒక మీటరు నడిచేవాడు 24 మీటర్లు పోగొట్టుకొన్నాడన్నమాట. రోగి మారలేదు, జబ్బు మారలేదు. వరండా మాత్రమే మారింది!

రెండో దొంగ మాట. “భేష్, ఇంకాస్త!” అంటే మనలో ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. 1984లో గయట్ బృందం గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న 43 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టును నడిచేటప్పుడు ప్రోత్సహించారు. రెండో జట్టును ప్రోత్సహించలేదు. ప్రోత్సాహం అందినవారు ఎక్కువ దూరం నడిచారు. ఆ పెరుగుదల, మందులవల్ల మేలు జరిగిందని కొన్ని పరిశోధనలు చూపిన పెరుగుదలతో దాదాపు సమానం! అందుకే ఇప్పుడు ప్రతి నిమిషానికి ఏ మాటలు చెప్పాలో కూడా ముందే నిర్ణయించి ఉంచారు. బాగా నడుస్తున్నారనీ, ఇంకా ఇన్ని నిమిషాలుందనీ మామూలు గొంతుతో చెప్పాలి. అంతకు మించి ఒక్క మాట కూడదు.

మూడో దొంగ తోడు. పరీక్షించేవాడు పక్కన నడిస్తే, రోగి తెలియకుండానే అతని అడుగులో అడుగు వేస్తాడు. అప్పుడు కొలిచింది ఎవరి వేగం? అందుకే పరీక్షకుడు పక్కన నడవడు.

నాలుగో దొంగ అలవాటు. మొదటిసారి కొత్త, బెరుకు. రెండోసారికి ఎంత వేగంతో మొదలుపెట్టాలో తెలిసివస్తుంది. ఏ మందూ లేకుండానే చాలామంది రెండోసారి ఎక్కువ నడుస్తారు. అందువల్ల పరీక్షను రెండుసార్లు జరిపి, ఎక్కువ దూరాన్ని తీసుకోవాలని 2014లో యూరప్, అమెరికా శ్వాసకోశ వైద్య సంఘాలు కలిసి సూచించాయి.

చేతికర్ర వాడేవారు ప్రతిసారీ అదే కర్రతో, ఎప్పటి చెప్పులతోనే, వీలైతే రోజులో అదే వేళకు నడవాలనడం కూడా ఇందుకే. మీ ప్రయోగశాలలో ఒక్క అంశాన్ని మార్చి మిగతావన్నీ స్థిరంగా ఉంచుతారు కదా! ఆసుపత్రి వరండాలోనూ అదే నియమం. మారవలసింది రోగి శక్తి ఒక్కటే.

ఎంత పెరిగితే పెరిగినట్టు?

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా, ఒకే మనిషి సోమవారం నడిచిన దూరం, బుధవారం నడిచిన దూరం అచ్చంగా సమానం కావు. నాలుగైదు మీటర్ల తేడాను చూసి పొంగిపోవడం, కుంగిపోవడం రెండూ తప్పే. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవారిలో సుమారు 30 మీటర్ల మార్పు వస్తే దాన్ని చెప్పుకోదగ్గ మార్పుగా తీసుకోవచ్చని ఆ 2014 పత్రం చెబుతోంది. మన ఉదాహరణలోని రోగికి అదే వరండా, అవే మాటలు, అదే పద్ధతి పాటించి ఉంటే, ఆ 54 మీటర్లను నిజమైన మెరుగుదల అనవచ్చు. వరండా మార్చి ఉంటే అనలేం.

ఇంకో సంగతి. పొడగరులు, వయసులో చిన్నవారు సహజంగానే ఎక్కువ నడుస్తారు. కాబట్టి ఈ రోగిని పక్క మంచం రోగితో పోల్చడం కంటె, రెండు నెలల కిందటి అతనితోనే పోల్చడం మేలు.

వేరే ప్రశ్నకు వేరే నడక

పక్షవాతం వచ్చి కోలుకొంటున్న మనిషికి ఆయాసం కంటె, అడుగు పడడమే సమస్య. అటువంటివారికి 10 మీటర్ల నడక పెట్టి వేగాన్ని కొలుస్తారు. బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి ముందూ వెనుకా కొంత జాగా విడిచి, నడిమి భాగాన్నే లెక్కిస్తారు. 1995లో అమెరికా వైద్యురాలు జాక్వెలిన్ పెర్రీ, ఆమె సహచరులు పక్షవాత రోగుల వేగాలను వారి దైనందిన జీవితంతో పోల్చి చూశారు. సెకండుకు 0.4 మీటర్ల కంటె తక్కువైతే నడక ఇంటికే పరిమితం. 0.4 నుంచి 0.8 వరకు ఉంటే బయట కొంతవరకు తిరగగలరు. 0.8 దాటితే ఊళ్లో స్వేచ్ఛగా తిరగగలరు.

7 మీటర్ల వెడల్పున్న రోడ్డు దాటడానికి సెకండుకు 1.2 మీటర్లు నడిచేవారికి దాదాపు 6 సెకండ్లు చాలు. 0.4 మీటర్లు నడిచేవారికి పదిహేడున్నర సెకండ్లు కావాలి. ఇక లారీ మన కోసం ఆగుతుందా? వేగం అనే ఆ అంకె వెనక ఎంత ఉందో చూడండి.

వృద్ధులు పడిపోతారేమోనన్న భయం ఉంటే మరో పరీక్ష ఉంది. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి, మళ్లీ కూర్చోవాలి. 1991లో కెనడాలో ఈ పరీక్షకు సెకండ్ల లెక్క చేర్చారు. 10 సెకండ్లలోపు పూర్తిచేసేవారు ఇతరుల సాయం లేకుండా తిరగగలరు. 30 సెకండ్లు దాటితే చాలా పనులకు మరొకరి సాయం కావాలి.

కోవిడ్ రోజులలో మీ ఇళ్లలోనూ ఆరు నిమిషాల నడక గురించి విని ఉంటారు. 2021లో మన దేశంలో, ఇంట్లో ఉండి చికిత్స పొందుతున్నవారికి నడకకు ముందూ తరవాతా ఆక్సీమీటరు చూసుకోమని సలహా ఇచ్చారు. అక్కడ చూసింది దూరం కాదు, నడిచాక ఆక్సిజన్ శాతం పడిపోతోందా అన్నది. ఒకే నడకను వేరే ప్రశ్న అడిగారన్నమాట.

పరీక్ష చెప్పలేనిది

జ్వరమాని జ్వరం ఉందని చెబుతుంది గాని, అది మలేరియానో టైఫాయిడో చెప్పదు. నడక పరీక్షా అంతే. 300 మీటర్లే నడిచిన ఇద్దరిలో ఒకరి గుండె బలహీనమై ఉండవచ్చు; మరొకరివి మోకాళ్లు అరిగి ఉండవచ్చు. గొలుసు ఎంత బరువు మోస్తుందో తెలుస్తుంది గాని, ఏ లంకె సడలిందో తెలియదు. దానికి వేరే పరీక్షలు చేయాలి.

మీరూ చేసి చూడండి

ఇది ఆరోగ్యంగా ఉన్న మీ మధ్యనే చేయవలసిన ప్రయోగం. జబ్బుగా ఉన్న తాతయ్య మీదనో, అమ్మమ్మ మీదనో చేయకండి. అది వైద్యుల పని.

బడి వరండాలోనో, ఆటస్థలంలోనో టేపుతో కొలిచి 30 మీటర్ల దారి ఒకటి, 10 మీటర్ల దారి ఒకటి సుద్దతో గీయండి. ప్రతి ఒక్కరూ రెండు దారులలోనూ ఆరేసి నిమిషాలు నడవాలి. మధ్యలో పదిహేను నిమిషాలు విశ్రాంతి. సగంమంది పొడుగు దారితో, సగంమంది పొట్టి దారితో మొదలుపెట్టండి. మాట సాయం ఎవరూ చేయకూడదు. దూరాలు పట్టికలో రాసి, రెండు దారుల సగటులను పోల్చండి.

ఆ తరవాత ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి:

1. 20 మీటర్ల దారిలో ఒకరు 17 విడతలు, 8 మీటర్లు నడిచారు. మొత్తం దూరమెంత? సగటు వేగమెంత? ఎన్నిసార్లు వెనక్కి తిరిగారు?

2. అందరూ పొడుగు దారితోనే మొదలుపెడితే ఏ పొరపాటు జరగవచ్చు?

3. ఊపిరితిత్తుల జబ్బున్న ఇద్దరిలో ఒకరి దూరం 450 నుంచి 462 మీటర్లకు, మరొకరి దూరం 190 నుంచి 235 మీటర్లకు పెరిగింది. ఎక్కువ నడిచింది ఎవరు? మెరుగయ్యారని ధైర్యంగా చెప్పదగినది ఎవరిని? అలా చెప్పేముందు పరీక్షించినవారిని మీరు ఏయే సంగతులు అడుగుతారు?