బాగానే చదువుతున్నాడని చెప్పి పంపేయాలా?

సమస్య

అమ్మా,

బోనకల్ మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. రెండో తరగతి నాది. ఖమ్మంలో కాపురం, రోజూ రైల్లో వచ్చిపోతాను. నా తరగతిలో ఇరవై పైచిలుకు పిల్లలున్నారు. సగానికి పైగా కూలికి పోయేవాళ్ల పిల్లలే. మిగతావాళ్లకు సొంతానిదో కౌలుదో ఎకరం, రెండెకరాల మిర్చి, పత్తి. మిరపకాయలు ఏరే కాలం వస్తే భద్రాచలం ఏజెన్సీ నుంచీ ఛత్తీస్‌గఢ్ వైపు నుంచీ కూలీలు దిగుతారు. సంక్రాంతి దాటాక వాళ్ల పిల్లలు కూడా కొందరు వచ్చి నా క్లాసులో కూర్చుంటారు.

చదువు చెప్పడం నాకు ఇబ్బంది కాదు. చెప్పింది పిల్లలకు ఎంతవరకు వచ్చిందో ఇంటివాళ్లకు చెప్పడమే ఇబ్బందిగా ఉంది.

మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం పెడతాం. ముందు రోజే పిల్లలతో కబురు పంపుతాం. వచ్చేది నలుగురో ఐదుగురో, అందులో ఇద్దరు నానమ్మలు. ఆ రోజు చెప్పిన పాఠం, ఇచ్చిన హోంవర్కు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. బొటనవేలి బొమ్మలు ఒకటి రెండు వస్తాయి, అంతే. ఫోను నాన్న దగ్గర ఉంటుంది, ఆయన ఇల్లు చేరేసరికి పొద్దుపోతుంది. ప్రోగ్రెస్ కార్డు పంపితే సంతకమో వేలిముద్రో పడి తెల్లారేసరికి తిరిగొస్తుంది. లోపల ఏముందో చూశారా లేదా అన్నది దేవుడికెరుక.

పోయిన సమావేశానికి ఒకబ్బాయి వాళ్లమ్మ కూలి మానుకొని మరీ వచ్చింది. "మావాడు ఇంట్ల పాఠం గడగడ చదువుతడు మేడమ్, బళ్లో ఎట్లున్నడు?" అని సంతోషంగా అడిగింది. వాడు చదవడం లేదమ్మా, అప్పజెబుతున్నాడు. వేలు ఒక వరుస మీద ఉంటే నోరు ఇంకో వరుసలో ఉంటుంది. పుస్తకం మూసి బోర్డు మీద 'అక్క', 'బొమ్మ' అని రాస్తే 'అక', 'బొమ' అంటాడు. నేను ఉన్నమాట చెప్పాను. "ఒత్తులు రావడం లేదమ్మా, వెనకబడ్డాడు" అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. ఆ తర్వాత వాడు ఒక రోజు బడికి రాలేదు. వచ్చినప్పుడు చూస్తే పిక్కల మీద చారలు. వాడు నోరు విప్పలేదు, పక్కింటి పిల్ల చెప్పింది.

మా హెచ్‌ఎం గారు విని, "ఎందుకమ్మా నీకు? బాగానే చదువుతున్నాడని చెప్పి పంపిస్తే పోయేదానికి. ప్రైవేటు బడి వ్యాను ఊళ్లోకి రానే వస్తోంది, రేపు టీసీ ఇమ్మంటారు" అన్నారు.

నిజం చెబితే పిల్లవాడు దెబ్బలు తింటున్నాడు. చెప్పకపోతే ఒత్తులు రాకుండానే మూడో తరగతికి పోతాడు. రానివాళ్లకు ఎలా చెప్పాలి, వచ్చినవాళ్లకు ఏం చెప్పాలి?

– ఒక టీచరు, బోనకల్ మండలం

సలహా

టీచరుగారూ,

అబద్ధం మాత్రం చెప్పకండి. పిల్లలు తగ్గితే పోస్టు ఎగిరిపోతుందని మీ హెచ్‌ఎం గారి భయం, అది తీసిపారేసేది కాదు. కానీ 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ టీచరు బాధ్యతలు చెబుతుంది. వేళకు బడికి రావడం, సిలబస్ పూర్తి చేయడం లాంటి వాటితో పాటే ఇంకోటి ఉంది: తల్లిదండ్రులను క్రమంగా కలుస్తూ పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకున్నదాంట్లో ప్రగతి వాళ్లకు చెప్పాలి. అంటే ఇది మీరు మంచితనం కొద్దీ నెత్తికెత్తుకున్న పని కాదు, ఉద్యోగంలో భాగమే. అలాగని చట్టం పుస్తకం తీసి హెచ్‌ఎం గారి ముందు పెట్టమనడం లేదు. స్టాఫ్ రూముల్లో అలాంటివి పారవు.

అయితే 'బాగానే చదువుతున్నాడు' ఎంత ఉత్త మాటో, 'వెనకబడ్డాడు' కూడా అంత ఉత్త మాటే. తేజ మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు తోలిన రైతును కమీషన్ వ్యాపారి "ఈసారి ధర పడిపోయింది, ఇంటికి పో" అంటే ఊరుకుంటాడా? తక్‌పట్టీ ఇమ్మంటాడు. తూకం ఎంత, క్వింటా ఎంతకు పోయింది, తాలు కాయకు ఎంత కట్టారు, కోతలు ఎంత అన్నీ చూసుకుంటాడు. ఆ తల్లి చేతికి మీరు తక్‌పట్టీ ఇవ్వలేదు, ధర పడిపోయిందని మాత్రం చెప్పారు. ఇంటికెళ్లి ఏం చేయాలో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా బెత్తం ఒక్కటే. కొట్టడాన్ని నేను సమర్థించడం లేదు, ఆమె చేతిలో ఇంకేమీ లేదంటున్నాను.

ఈసారి ఆ పిల్లవాడినే పిలిచి, తల్లి పక్కన కూర్చోబెట్టి ముందు వచ్చినవి చదివించండి. 'ఇల్లు' రాకపోయినా 'మేక', 'కోడి', 'సైకిలు' వస్తాయి కదా, గుణింతాలు వచ్చిన పిల్లవాడికి అవి నల్లేరు మీద నడకే. ఆమె చెవులారా విననివ్వండి. తర్వాత ఒత్తుల మాట దగ్గర ఎక్కడ ఆగుతున్నాడో అదీ విననివ్వండి. "ఇది రెండో తరగతిలో నేర్చుకోవాల్సిందే, ఇప్పుడు నేర్పుతున్నాం, వాడి తప్పేం లేదు" అని వాడి ముందే చెప్పండి.

ఆ పైన ఆమె చేతికి ఒక పని ఇవ్వండి. పాత నోటుబుక్కు అట్ట ఐదు ముక్కలు చేయండి. ఒక్కో ముక్క మీద ఒక్కో మాట రాయండి: అక్క, బొమ్మ, పువ్వు, ముగ్గు, గుడ్డు. వెనకవైపు వాటి బొమ్మ వేయండి. మీకు బొమ్మలు రాకపోతే పిల్లలే వేస్తారు, మీకంటే బాగా వేస్తారు. రాత్రి అన్నం తిన్నాక తల్లి ఒక అట్ట తీసి రాత ఉన్నవైపు వాడికి చూపిస్తుంది, బొమ్మ ఉన్నవైపు తను చూస్తుంది. ఆమెకు అక్షరం ముక్క రాకపోయినా ఫర్వాలేదు. తన ముందు పువ్వు బొమ్మ ఉండగా వాడు 'పువు' అంటే ఆమెకు తెలియదా? ముక్కలు కలిపేస్తే వరుస మారిపోతుంది కాబట్టి అప్పజెప్పడానికీ కుదరదు. వారం తర్వాత ఐదు కొత్తవి ఇవ్వండి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ స్త్రీలలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 58 మందే. మనం పంపే డైరీలు, మెసేజ్‌లు అన్నీ ఆ 58 మందిని తలుచుకొని రాసేవే. మిగతావాళ్లకు చెవులున్నాయన్న సంగతి మర్చిపోతున్నాం.

లెక్కల సంగతి ఇంకా తేలిక. 52లోంచి 37 తీసేయమంటే రెండో తరగతి పిల్లలు చాలామంది 25 అని రాస్తారు. పైనా కిందా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తారన్నమాట. కార్డు మీద 'గణితం: సి' అని రాస్తే తల్లికి ఒరిగేదేమీ లేదు. ఆ లెక్క చూపించి "52 రూపాయలు పట్టుకెళ్లి 37కి సరుకు కొంటే 25 మిగులుతాయంటున్నాడమ్మా" అని చెప్పండి. కూలి డబ్బు లెక్కపెట్టుకునే మనిషి, గుటుక్కున పట్టేస్తుంది. కొట్టుకు పంపినప్పుడల్లా చిల్లర లెక్క వాడినే చెప్పమంటుంది.

ఇదంతా మీకు కొత్త చాకిరీ కానక్కర్లేదు. 2022లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చినప్పటి నుంచి ఎవరు అక్షరాల దగ్గరున్నారు, ఎవరు మాటల దగ్గరున్నారు, ఎవరు వాక్యాలు చదువుతున్నారు అని మీరు నమోదు చేస్తూనే ఉన్నారు. ఆ పట్టిక కాంప్లెక్సుకు పోతుంది, మండలానికి పోతుంది, సమీక్షల్లో తిరుగుతుంది. పిల్లవాడిని కన్నతల్లి దగ్గరకు మాత్రం పోదు. అందులోంచి ఒక్క వరుస ఎత్తి ఆమెకు నోటితో చెబితే చాలు.

ఇక రానివాళ్లు. వాళ్లకు పట్టింపు లేదని మీరు రాయలేదు కానీ, ఆ ధ్వని ఉత్తరంలో అక్కడక్కడా వినిపించింది. ఏరుడు కాలంలో కూలి ఆటో మీ రైలు కంటే ముందే కదులుతుంది. ఒక రోజు కూలి పోగొట్టుకొని, బల్ల మీద ఇరుక్కుని కూర్చొని 'బాగానే చదువుతున్నాడు' అనిపించుకోవడానికి ఎవరొస్తారు? ఆ ఇద్దరు నానమ్మలను తక్కువగా చూడకండి. సాయంత్రం పిల్లలు ఉండేది వాళ్ల దగ్గరే. అట్టముక్కల ఆట ముందు వాళ్లకే నేర్పండి.

వాట్సాప్ ఫొటోల మీద మీ ఓపిక వృథా చేసుకోవద్దని నా మాట. 2020లో కరోనాకు బళ్లు మూసినప్పుడు ఆఫ్రికాలోని బోట్స్వానాలో పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. కొన్ని ఇళ్లకు వారం వారం లెక్కలు మెసేజ్‌లో పంపారు. ఇంకొన్ని ఇళ్లకు మెసేజ్‌తో పాటు ఫోన్ కూడా చేసి, ఇంటి పెద్దనూ పిల్లనూ స్పీకర్ దగ్గర కూర్చోబెట్టి ఇరవై నిమిషాల దాకా ఆ లెక్కే చేయించారు. ఫోన్ వెళ్లిన ఇళ్ల పిల్లలకు లెక్కలు మెరుగుపడ్డాయి. ఉత్త మెసేజ్ వెళ్లిన ఇళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మీకు ఇరవై నిమిషాలు తీరదు, ఇంట్లో మీకూ వంటా వార్పూ ఉంటాయి. రాత్రి ఎనిమిదింటికి, రోజుకు ఇద్దరికి, ఐదైదు నిమిషాలు. ఫోను నాన్న చేతిలో ఉందంటే ఇంకా మంచిది, స్పీకర్ పెట్టమనండి. పిల్లవాడు ఐదు మాటలు మీకు చదివి వినిపిస్తాడు, ఇంటిల్లిపాదీ వింటారు. వారానికి పది ఇళ్లు, నెల తిరిగేలోపు ప్రతి ఇంటినీ ఒకసారైనా పలకరించినట్టవుతుంది. దెబ్బలు తిన్న పిల్లవాడి ఇంటికి మొదటి ఫోన్ చేయండి. వాడు 'అక్క' అని సరిగ్గా చదివిన రోజునే చేయండి. మళ్లీ చారలు కనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా హెచ్‌ఎం గారికి చెప్పి, 1098కి ఫోన్ చేయండి.

ఊరందరికీ ఒకేసారి చెప్పాల్సినవీ కొన్ని ఉంటాయి. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే పెద్ద. ఆ కమిటీల కాలమంతా ఎక్కువగా నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు పనుల్లోనే గడిచింది. ఆ అధ్యక్షురాలిని అడిగి సంఘం మీటింగులో ఒక పది నిమిషాలు తీసుకోండి. అప్పు కిస్తీల లెక్క అయ్యాక అట్టముక్కల ఆట అందరికీ చూపించండి. 2022-23 నుంచి పుస్తకాల్లో ఇంగ్లిషు, తెలుగు రెండూ ఉంటున్నాయి కాబట్టి, ఇంగ్లిషు పేజీ చూసి బెదిరి పక్కన పెట్టొద్దని, తెలుగు పేజీ తెరిపించమని చెప్పండి. అక్కడ ఏ పిల్లవాడి పేరూ ఎత్తకండి. మీ మండలం దాటితే ఆంధ్ర. అక్కడ 2024 డిసెంబరు 7న బళ్లన్నింటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పండగలా చేశారు. బడి గడప తొక్కని తండ్రిని లోపలికి తీసుకురావడానికి అలాంటిది పనికొస్తుంది, కాదనను. కానీ ఒత్తుల సంగతి షామియానా కింద మైకులో చెప్పేది కాదు.

సమావేశం పెట్టి సమాచారం చెప్పగానే అంతా మారిపోతుందనీ అనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లా గ్రామాల్లో 2005-06 ప్రాంతంలో ఊరివాళ్లను కూర్చోబెట్టి బడి కమిటీల హక్కులు, పిల్లల చదువు స్థితి అన్నీ వివరించి చూశారు. సర్కారీ బళ్లలో కదలిక రాలేదు. ఊరి కుర్రాళ్లకే చదవడం నేర్పే పద్ధతి చెప్పి తరగతులు పెట్టించినచోట, వాటికి వెళ్లిన పిల్లలకు చదవడం వచ్చింది. తెలియజెప్పడం ఒక్కటే కాకుండా చేతికి పని కూడా ఇవ్వమన్నది అందుకే.

ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లల గురించి మీరు ఏమీ అడగలేదు, అయినా చెబుతాను. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడు 'ముగ్గు' దగ్గర ఆగితే అది ఒత్తు రాక కాకపోవచ్చు, ఆ మాటే తెలియకపోవచ్చు. వాళ్ల అట్టముక్కల మీది బొమ్మలు ముందు వాళ్ల అమ్మకు చూపించి, వేటికి ఏమంటారో అడిగి రాసుకోండి. ఏరుడు అయిపోయి వాళ్లు తిరుగు బండి ఎక్కే ముందు అరఠావు కాగితం మీద నాలుగు ముక్కలు రాసి తల్లి చేతికి ఇవ్వండి: గుణింతాలు వచ్చు, ఒత్తులు మొదలుపెట్టాం, కూడికలు వచ్చు, తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం రాదు. కింద మీ ఫోన్ నంబరు రాయండి. జూన్‌లో వాడిని చేర్చుకునే టీచరుకు ఏదైనా అనుమానం వస్తే మీకే ఫోన్ చేస్తారు.