చెవి దారి సన్నబడితే: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా వారు రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు. పట్టుబడి రోజుల్లో పీకల్లోతు నీళ్లలో దిగి వల లాగుతారు. కొన్నేళ్లుగా ఎడమ చెవి దురద, కారడం. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. ఇప్పుడు కారడం ఆగింది గానీ ఆ పక్క నుంచి పిలిస్తే పలకడం లేదు. చెవి దారి మూసుకుపోతోందని డాక్టరు గారన్నారు. పుట్టుకతో లేనిది ఇప్పుడెలా వచ్చింది? ఆపరేషన్ తప్పదా?
- ఒక పాఠకురాలు, మొగల్తూరు

జవాబు: కారడం ఆగింది కదా అని ఇంటిల్లిపాదీ స్థిమితపడే సమయంలోనే ఈ జబ్బు ముదురుతుంది. పిలిస్తే పలకడం లేదన్న సంగతి మీరు పట్టుకోవడం చాలా మంచిదైంది.

పెద్దవాళ్లలో చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి సుమారు 2.5 సెంటీమీటర్లు. బయటి మూడో వంతు మృదులాస్థి, లోపలిదంతా ఎముక. ఆ ఎముకను అంటిపెట్టుకున్న చర్మం చాలా పలుచన, కింద కొవ్వు పొర కూడా ఉండదు. తేమ, గోకుడు, చీము ఏళ్ల తరబడి సాగితే ఆ చర్మం చెదిరి పుండు పడుతుంది. మానేటప్పుడు అక్కడ మచ్చ కండ పెరుగుతుంది. వాచిన ప్రతిసారీ ఇంకాస్త పెరుగుతూ, చివరికి కర్ణభేరికి ముందే దారిని మూసేస్తుంది. ఆ దశకు వచ్చాక చెవి పొడిగానే ఉంటుంది, శబ్దం మాత్రం లోపలికి పోదు.

చాలామంది దీన్ని గులిమి అనుకుని పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక పెట్టి కెలుకుతారు. కాలవలో పూడికైతే తీసి గట్టున పోయొచ్చు. ఇక్కడ గట్టే లోపలికి పెరుగుతోంది. కెలికిన కొద్దీ కొత్త గాయం, దాని మీద కొత్త మచ్చ.

మన తీరంలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి చెవిలో బూజు పట్టడం మామూలే. లోపల నల్లటి చుక్కలో, తడిసిన కాగితం లాంటి తెల్లటి పదార్థమో కనిపిస్తుంది. షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ చుక్కలు వారాల తరబడి వేస్తే ఆ బూజు ఇంకా పెరుగుతుంది. నియోమైసిన్ ఉన్న చుక్కలు కొందరి చర్మానికి పడవు, దురద ఎక్కువవుతుంది. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లకు అలాంటి మందులు లోపలి చెవికే హాని చేయగలవు. ఆయన వాడిన సీసాలన్నీ డాక్టరు గారికి చూపించడం అవసరం.

చెవికి తగిలిన దెబ్బలు, కాలిన గాయాలు, పాత ఆపరేషన్లు, క్యాన్సరుకు ఇచ్చిన రేడియేషన్ వల్ల కూడా దారి సన్నబడుతుంది. చల్లటి సముద్రాల్లో ఏళ్ల తరబడి ఈదేవాళ్లకైతే చెవి లోపలి ఎముకే బుడిపెలు కడుతుంది. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో 23 మంది నియాండర్తాల్ మానవుల అవశేషాలు పరిశీలిస్తే, దాదాపు సగం మందిలో ఈ బుడిపెలు కనిపించాయి! మీ ఊరి దగ్గరి పేరుపాలెం సముద్రం అంత చల్లనిది కాదు కాబట్టి ఆయనది ఆ రకం అయ్యే అవకాశం తక్కువ.

ఇక ఆపరేషన్ సంగతి. మచ్చ ఇంకా మెత్తగా, తడిగా ఉంటే చాలామందికి కత్తి అవసరం పడదు. మైక్రోస్కోపు కింద చూస్తూ సన్నటి గొట్టంతో చెవి శుభ్రం చేస్తారు. స్టెరాయిడ్ కలిసిన మందులో తడిపిన గాజ్ గుడ్డ వత్తి పెట్టి, కొన్ని రోజులకోసారి మారుస్తారు. షుగరు పరీక్ష తప్పనిసరి. కండ అనుమానంగా కనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చెవి దారిలో క్యాన్సరు అరుదే అయినా, మొదట్లో మామూలు పుండులాగే మోసం చేస్తుంది.

గట్టిపడిన మచ్చ మందులకు కరగదు. అప్పుడు వినికిడి పరీక్ష, సీటీ స్కాన్ చేయించి, చెవి పూర్తిగా పొడిబారాక ఆపరేషన్ చేస్తారు. మచ్చను తీసేసి, అవసరమైతే ఎముకను అరగదీసి దారి వెడల్పు చేస్తారు. పలుచటి చర్మం వేరేచోట నుంచి తీసి లోపల పరుస్తారు. అసలు కష్టం ఆ తర్వాతే. దారి మళ్లీ మూసుకుపోయే గుణం ఈ జబ్బుకుంది. వినబడుతోంది కదా అని చెకప్‌లు మానేస్తే చేసిన పనంతా వృథా అవుతుంది. నరసాపురంలోనో భీమవరంలోనో ఈఎన్‌టీ డాక్టరు దగ్గర మొదలుపెట్టి, పెద్ద ఆపరేషన్ కావాలంటే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి గానీ, విశాఖలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి గానీ చూసుకోవచ్చు. ఆపరేషన్‌కు ఒళ్లు సహకరించనివాళ్లకు ఎముక ద్వారా శబ్దం పంపే వినికిడి యంత్రాలున్నాయి.

ప్రశ్న: చెరువులో దిగకపోతే కూలి రాదు. చెవినెలా కాపాడుకోవాలి? వెల్లుల్లి కాచిన నూనె పోయొచ్చా?
- అదే పాఠకురాలు

జవాబు: నూనె వద్దు. మూసుకుపోతున్న దారిలో అది నిలవ ఉండి చెత్తను పట్టుకుంటుంది, వేడిగా పోస్తే చర్మం కాలుతుంది. చికిత్స పూర్తయ్యేదాకా ఆయనకు గట్టు మీది పని ఇమ్మని చెరువు యజమానిని అడగడం న్యాయమే. స్నానానికి ముందు వాజిలిన్ రాసిన దూదిని చెవి బయటే ఉంచి, అవగానే తీసేయాలి. తల పక్కకు వంచి నీళ్లు కారనిచ్చి, బయటి భాగాన్నే గుడ్డతో తుడవాలి.

షుగరు ఉన్నవాళ్లకు రాత్రిళ్లు నిద్రపట్టనంత చెవిపోటు వచ్చినా, మూతి పక్కకు లాగినా అపాయింటుమెంటు కోసం ఆగకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి దిగిందేమోనని అక్కడ చూస్తారు.