ఆకు చూసి మురిసిపోవద్దు

కాపురానికి ఈ ఊరొచ్చి యాభై ఏళ్ళు దాటింది. కడియం నర్సరీలు మాకు కూతవేటు దూరమే. అయినా మా పెరట్లో కొన్న మొక్కలకంటే, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెచ్చుకున్న కొమ్మలు పెరిగి చెట్లయినవే ఎక్కువ. చచ్చినవి వాటికి రెట్టింపు. ఈ కింది పాఠాలన్నీ ఆ చచ్చినవి నేర్పినవే.

1. అన్ని చెట్లూ కొమ్మకు రావు. మునగ, అంజూర, దానిమ్మ, ద్రాక్ష, మందారం, దేవగన్నేరు మాట వింటాయి. మా ముద్దమందారానికి ఇన్నేళ్ళలో ఒక్క కాయ చూడలేదు, కొమ్మే దాని విత్తనం. మామిడికి మాత్రం అంటు కట్టాల్సిందే. జామకు అంటు తొక్కడం మేలు. కరివేపాకుకు తల్లిచెట్టు చుట్టూ పిలకలు లేస్తుంటే కొమ్మతో తంటాలెందుకు?

2. మునగకు లేతకొమ్మ పనికిరాదు. మణికట్టు లావు, గజం పొడవు ఉండాలి. కాయలు దింపాక ఎలాగూ కొమ్మలు కొట్టేస్తాం, అప్పుడు తీసుకోండి. కొట్టిన వెంటనే పాతి బిందెడు నీళ్ళు పోశారా, కుళ్ళిపోతుంది. రెండు మూడు రోజులు నీడన పడేసి గాటు ఆరనివ్వండి. దేవగన్నేరుకు వారం పైనే పడుతుంది, పాలు కారడం ఆగాలి. “ఎండబెట్టి నాటే మనిషిని నిన్నే చూశా” అని మా ఆయన ఎగతాళి చేసేవారు. దానిమ్మ, మందారాలకు ఈ ఆరబెట్టడం లేదు, ఏ రోజు కోస్తే ఆ రోజే నాటాలి.

3. తలా కాలూ గుర్తుంచుకోండి. ఆకులు తీసేసిన ముక్కకు ఏది పైనో ఏది కిందో తెలీదు. ఒకసారి పేరంటానికొచ్చిన వాళ్ళతో కబుర్లాడుతూ డజను దానిమ్మ ముక్కలు నాటాను. సగం తలకిందులు! అప్పట్నుంచి జానెడు ముక్కకు కింద కణుపు దిగువన ఏటవాలుగా, పైన అడ్డంగా కోస్తున్నాను. రెండు కణుపులు మట్టిలో ఉంటే చాలు.

4. ఆకు ముందొస్తుంది, వేరు తర్వాత. కొమ్మ తనలో దాచుకున్న తిండితోనే చిగురు వేస్తుంది. నా మొదటి అంజూర కొమ్మ పది రోజులకే మూడాకులు తొడిగింది. వాడంతా చెప్పుకుని, కుండీని ఎండలోకి మార్చాను. మూడో రోజుకి వాలిపోయింది. పీకి చూస్తే పోగంత వేరు కూడా లేదు. రెండోసారి అంతకంటే తెలివితక్కువ పని చేశాను. వేరొచ్చిందేమోనని వారం వారం లాగి చూశాను. కొత్త వేళ్ళు సేమ్యాలా తెల్లగా, పెళుసుగా ఉంటాయి, పుటుక్కున తెగుతాయి. అందుకని నెలన్నర దాకా చెయ్యి పెట్టకండి. కవరు అడుగు చిల్లుల్లోంచి వేరు తొంగిచూస్తే అప్పుడు కదపండి, ఎండకు కూడా కొద్దికొద్దిగానే అలవాటు చెయ్యండి.

5. ప్రేమకొద్దీ పేడ ఎరువు వెయ్యొద్దు. వేరే లేనిదానికి ఎరువెందుకు? ఇసుక, ఎర్రమట్టి సగం సగం. తడి ఉండాలి, నీళ్ళు నిలవకూడదు.

6. ఆషాఢ శ్రావణాల ముసురు మంచి అదను. ఆకు రాల్చే అంజూర, ద్రాక్షలకు చలికాలం చివర. వేళ్ళు రావడానికి పొడి మందు అమ్ముతున్నారు, ఐబీఏ అంటారు. మొండికేసే కొమ్మలకు వాడండి, మునగకు దండగ.

7. కొమ్మతో పెంచిన చెట్టుకు తల్లివేరు ఉండదు. పైగా మునగ కట్టె పెళుసు. ఒకర్ని పొగిడి మునగచెట్టు ఎక్కించారంటే ఎందుకు భయపడతామో పెరట్లో ఆ చెట్టున్నవాళ్ళకే తెలుసు. 1996 నవంబరు తుఫానుకు మాది వేళ్ళతో సహా పడిపోయింది. కరెంటు లేక ఇల్లంతా చీకటి. నేను కత్తి పట్టుకుని పెరట్లో కొమ్మలు కొడుతుంటే మా అత్తగారు పిచ్చి పట్టిందనుకున్నారు. ఎనిమిది కొమ్మలు వసారాలో ఆరబెట్టి కంచె వెంట పాతాను, అయిదు బతికాయి. ఇప్పుడు పులుసులో వేసుకుంటున్న కాయలు వాటి మనవరాళ్ళవి.