యోనెక్సా? లీ నింగా?

షటిల్ ఆడే చోట ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. పేరు చూసి డబ్బు పెట్టే ముందు ఆ రెండింటికీ తేడా ఏమిటో తెలుసుకుందాం.

మన కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కర్ర ఎలాగో, జపాన్ కంపెనీ యోనెక్స్‌కూ మొదట కర్రే ఆధారం. 1946లో అది చేపల వలలకు కర్ర బెండ్లు చేసేది. ప్లాస్టిక్ బెండ్లు వచ్చి ఆ వ్యాపారం దెబ్బతినగా, 1957లో రాకెట్ల తయారీకి దిగింది. చైనా కంపెనీ లీ నింగ్‌ను 1990లో స్థాపించినది 1984 ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో 3 స్వర్ణాలు గెలిచిన లీ నింగ్.

యోనెక్స్ ప్రత్యేకత 'ఐసోమెట్రిక్' తల. కోడిగుడ్డు ఆకారంలో కాక పైభాగం కాస్త పలకగా ఉంటుంది. షటిల్ సరిగ్గా మధ్యన తగలకపోయినా దెబ్బ మరీ చచ్చుపడదు. లీ నింగ్ 'ఏరోనాట్' రకంలో గాలి సులువుగా పోవడానికి ఫ్రేములోనే సందులుంటాయి. నేర్చుకునేవారికి మొదటిదే మేలని నా అభిప్రాయం. వేగంగా కొట్టగలిగే చెయ్యి ఉంటే కదా గాలి సంగతి!

మన పి.వి.సింధు 2018 డిసెంబరులో వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది యోనెక్స్‌తో. 2019 ఫిబ్రవరిలో లీ నింగ్‌కు మారి, ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. రాకెట్ మారినా చెయ్యి అదే!

కొనేటప్పుడు బరువు గుర్తు చూడండి. యోనెక్స్‌లో 3యు అంటే 85–89 గ్రాములు, 4యు అంటే 80–84. అంకె పెరిగితే బరువు తగ్గుతుంది. హాస్టల్లో నలుగురు పంచుకునే రాకెట్‌కు 4యు చాలు. గట్లు 20–22 పౌండ్లకు మించి బిగించనివ్వకండి. త్వరగా తెగితే మళ్ళీ ఖర్చు.