లేచి వెళ్లేటప్పుడు తలుపు దగ్గరేసినట్టు

చెల్లెమ్మలూ, ఈసారి మన ముచ్చట కంప్యూటర్ గురించి. అదంతా ఆయనో, పిల్లలో చూసుకుంటారులే అనుకోకండి. పిల్లల స్కూలు ఫీజులు, సంఘం లెక్కలు, బ్లౌజుల ఆర్డర్లు, ట్యూషన్ నోట్సు... ఇప్పుడు మనలో చాలామంది పని ఆ టేబుల్ మీది తెర ముందే నడుస్తోంది. కుక్కర్ కూసిందని లేస్తాం, కొరియర్ వచ్చిందని గుమ్మం దాకా వెళ్తాం. తెర మీద బ్యాంకు పేజీయో, అమ్మకి రాస్తున్న ఉత్తరమో అలా తెరిచే ఉంటుంది. అలాంటప్పుడు మనకి అక్కరకొచ్చేది స్క్రీన్ సేవర్.

ఇది మొదట పుట్టింది తెరని కాపాడడానికే. పాతకాలం లావుపాటి మానిటర్ల అద్దానికి లోపలివైపు ఫాస్ఫర్ పూత ఉండేది. ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచిపోతే ఆ పూత అక్కడక్కడా అరిగి, బొమ్మ నీడ శాశ్వతంగా ముద్ర పడిపోయేది. అందుకే 1983లో జాన్ సోచా అనే ప్రోగ్రామర్, కాసేపు ఎవరూ కీబోర్డు ముట్టకపోతే తెరని నల్లగా చేసేసే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. తర్వాత 1989లో వచ్చిన 'ఆఫ్టర్ డార్క్' అనే స్క్రీన్ సేవర్‌లో రెక్కలున్న టోస్టర్లు తెరంతా ఎగురుతూ పోయేవి. వాటిని చూసి జనం ముచ్చటపడ్డారు. ఇప్పటి ఎల్‌సీడీ తెరలకి అలా ముద్ర పడిపోయే బెడద పెద్దగా లేదు. కరెంటు ఆదా కావాలన్నా తెర ఆరిపోయేలా పెట్టుకోవడమే మేలు, బొమ్మలు కదులుతుంటే తెర వెలుగుతూనే ఉంటుంది కదా. మరి ఇంకా ఇదెందుకంటారా? మనం లేని వేళ మన పనికి కాపలా ఉండడానికి. గది నుంచి బయటికొస్తూ తలుపు దగ్గరేసినట్టన్నమాట.

విండోస్ 11లో ఎలా పెట్టుకోవాలో చెప్తాను. స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అందులో పర్సనలైజేషన్, దాంట్లో లాక్ స్క్రీన్. కిందికి జరిపితే 'స్క్రీన్ సేవర్' అని కనిపిస్తుంది, నొక్కండి. బుల్లి మానిటర్ బొమ్మతో చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. దాని కింద ఉన్న జాబితాలో బబుల్స్, రిబ్బన్స్, మిస్టిఫై, త్రీడీ టెక్స్ట్, ఫొటోస్ లాంటివి ఉంటాయి. ఒక్కోటీ ఎంచుకుంటూ 'ప్రివ్యూ' నొక్కి చూడండి. మౌస్ కదిపితే మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది.

ఇక అసలు కీలకం ఆ కిటికీలోనే కింద ఉంది. 'వెయిట్' దగ్గర ఎన్ని నిమిషాల తర్వాత రావాలో పెట్టాలి. ఇంట్లో అయితే అయిదు నిమిషాలు చాలు. దాని పక్కనే 'ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్' అన్న చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ తప్పనిసరిగా పెట్టండి. అది లేకపోతే ఎవరు మౌస్ కదిపినా మీ పేజీ తెరుచుకుంటుంది. టిక్ పెట్టినా, మీ అకౌంట్‌కి పాస్‌వర్డో పిన్నో లేకపోతే ప్రయోజనం లేదు, అదీ చూసుకోండి. చివర్లో అప్లై, ఓకే.

ఫొటోస్ పెట్టుకోవాలని మనందరికీ ఉంటుంది. పాప బారసాల, అమ్మానాన్నల షష్టిపూర్తి, అరకు వెళ్లినప్పటి ఫొటోలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే ఎంత హాయి! ఇక్కడే ఒక జాగ్రత్త. మనం ఏమీ మార్చకపోతే అది పిక్చర్స్ ఫోల్డర్‌లోని ఫొటోలన్నీ చూపిస్తుంది. ఎప్పుడో స్కాన్ చేసిన ఆధార్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ అందులోనే ఉంటే అవీ తెర నిండుగా వచ్చి నిలబడతాయి. అందుకని నచ్చిన ఫొటోలు వేరే ఫోల్డర్‌లో వేసుకుని, 'సెట్టింగ్స్'లో 'బ్రౌజ్' నొక్కి దాన్నే చూపించండి.

ఎంత పెట్టినా స్క్రీన్ సేవర్ రావడం లేదంటారా? పవర్ సెట్టింగ్స్‌లో తెర ఎన్ని నిమిషాలకి ఆరిపోతుందో చూడండి. అది అయిదు, 'వెయిట్' దగ్గర పది అయితే ఫొటోలు వచ్చేలోపే తెర ఆరిపోతుంది. ఇంకో మాట. ఉచితంగా అందమైన స్క్రీన్ సేవర్లంటూ కనిపించినవన్నీ దించుకోకండి. అవి బొమ్మలు కావు, నడిచే ప్రోగ్రాములు. వాటి చాటున వైరస్‌లు దూరుతాయి.

"ఇంట్లోవాళ్ల దగ్గర కూడా తాళమా?" అని ఎవరైనా నిష్ఠూరమాడవచ్చు. నొచ్చుకోకండి, వెనక్కి తగ్గకండి. బ్లౌజు కుట్టించుకునే ఆవిడ తన ఫోన్ నంబరు మీకిచ్చింది, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ కాదు. సంఘంలో ఎవరెంత అప్పు తీసుకున్నారో ఆ సంఘం సభ్యులకే తెలియాలి. మీరు అమ్మకి రాసుకున్న మాట మీకూ అమ్మకీ మధ్యే ఉండాలి. అది అనుమానం కాదు తల్లీ, మర్యాద.

ఇవాళ వంటిల్లు సర్దుకున్నాక కంప్యూటర్ ముందు ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఆ గడిలో టిక్ పెట్టండి. చప్పున లేవాల్సి వస్తే విండోస్ బొమ్మ ఉన్న కీ, 'ఎల్' కలిపి నొక్కండి, తెర వెంటనే లాక్ అవుతుంది. మీకు వచ్చాక పక్కింటి వదినకీ నేర్పండి.